ఏ టపాకాయ కాల్చవచ్చు? ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

(రసాయనశాస్త్ర అధ్యాపకులైన మా మాస్టారి స్మారక సభలో, ఆయన కళాశాలలోనే చేసిన ఉపన్యాస పాఠం)



దీపావళి సెలవులకు ముందు జరిగే చివరి క్లాసులో మాస్టారు సిలబస్ జోలికి వెళ్ళేవారు కాదు. బల్ల మీద ఒక చిచ్చుబుడ్డి, ఒక కాకరపువ్వొత్తి, ఒక తాటాకు టపాకాయ పెట్టి, ఒక్కోదానిలో ఏమేం కూరారో మా చేత బోర్డు మీద రాయించేవారు. సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను, అల్యూమినియం పొడి. వీటిలో ఏది వెలుగిస్తుంది, ఏది మోగుతుంది, ఏది చెప్పకుండా అంటుకుంటుంది అని అడిగేవారు. పండగ చేసుకోవద్దని ఆయన ఏనాడూ అనలేదు. తెలిసి చేసుకోమన్నారు. నేను తరవాత న్యాయశాస్త్రం వైపు వెళ్ళాను. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు ఆయన విద్యా నా విద్యా కలిసే చోటు ఇదే అనిపించింది. మామూలు మనిషి ఏ బాణసంచా కొనవచ్చు, ఏది కాల్చవచ్చు అన్నది మన దేశంలో ఎవరు, దేన్ని చూసి, ఎప్పుడు నిర్ణయిస్తున్నారు?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ నిర్ణయం మందు నూరే షెడ్డులో మొదలు కావాలి. మన దగ్గర అది పండగ వారంలో, కొనేవాడి గుమ్మం ముందు మొదలవుతోంది. అందువల్ల మంచి నిబంధనలు కూడా కాగితం మీద మిగిలిపోతున్నాయి, షెడ్డుల్లో మనుషులు పోతున్నారు.

పేలుడు పదార్థాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోవి, ఐదో అంశం కింద వస్తాయి. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇంకా అమలులో ఉంది. దాని కింద ఇప్పుడు నడుస్తున్నవి 2008 నియమాలు. వీటిని చూసే కేంద్ర సంస్థను పెసో అంటారు, ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. అంటే టపాకాయలో ఏముండాలన్నది కేంద్రం చెప్పే మాట. చిన్న తయారీదారుకీ దుకాణాలకీ లైసెన్సు, పండగ దుకాణాలు పెట్టే మైదానం, కాల్చే గంటలు, పోలీసుల తనిఖీ, కాలుష్య నియంత్రణ మండలి కొలతలు, ఇవన్నీ జిల్లా యంత్రాంగమూ రాష్ట్రమూ చూసుకోవాలి. పండగ దుకాణాల నిబంధనలు తీసి చదివితే, రాసినవారికి మంట సంగతి బాగా తెలుసని అర్థమవుతుంది. షెడ్డు మండని సామగ్రితో కట్టాలి. షెడ్డుకీ షెడ్డుకీ కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి. ఇళ్ళ వంటి వాటికి 50 మీటర్ల దూరం పాటించాలి. ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండకూడదు. నూనె దీపం, గ్యాసు దీపం పనికిరావు. ఒక చోట 50 దుకాణాలకు మించకూడదు. అగ్నిమాపక శాఖవారు ప్రతి ఏడూ చెప్పే జాగ్రత్తల్లో చాలా భాగం ఈ నియమాల్లో ముందే ఉన్నవే.

ఇక ఏది అనుమతి, ఏది నిషేధం అన్న అసలు సంగతి. ఈ దేశంలో బాణసంచా మీద పెట్టిన నిషేధాల్లో అన్నిటికన్నా తెలివైనదని నేను నమ్మేది 1992 జనవరి 27 నాటి కేంద్ర ప్రకటన. గంధకంతో క్లోరేటు కలిపిన మందును తయారు చేయడం, దగ్గర ఉంచుకోవడం అది నిషేధించింది. ఎందుకో మాస్టారు మాకు చెప్పారు. పొటాషియం క్లోరేటు చవక, మంట చురుకు. సూరేకారం వేడి తగిలితేనే ఆక్సిజన్ వదులుతుంది, క్లోరేటు చాలా తొందరగా వదిలేస్తుంది. గంధకంలో ఎప్పుడూ కాస్త ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లం క్లోరేటుతో కలిస్తే నిలకడలేని క్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అప్పుడు రోకలి దెబ్బ అక్కర్లేదు, చెయ్యి ఒరిసినా చాలు. అగ్గిపుల్ల తలల తయారీకీ, పిల్లల తుపాకీలో వేసే రీలుకీ, ప్రయోగశాలల్లో కొద్ది మొత్తానికీ మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఈ ప్రకటనకు పండగతోనూ కాల్చేవాడితోనూ సంబంధం లేదు. నూరే మనిషి చేతుల గురించి ఆలోచించి రాసింది. వినియోగదారుడికి ఏది అనుమతించాలన్న చట్టం మొదట చూడవలసిన మనిషి కార్మికుడేనని దాన్ని రాసినవారికి తెలుసు.

ఆ తరవాత చప్పుడు కొలత వచ్చింది. 1999 అక్టోబరు 5న పర్యావరణ నియమాల కింద ఒక హద్దు పెట్టారు. పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళు (ఏఐ), లేదా 145 డెసిబెళ్ళు (సి) పీక్ దాటే టపాకాయను తయారు చేయకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. దండగా గుచ్చిన టపాకాయలకు ఇంకో లెక్క ఉంది. దండలో ఎన్ని ఉంటే ఆ సంఖ్యకు లాగరిథమ్ తీసి, దాన్ని 5తో గుణించి, ఆ మేరకు హద్దు తగ్గించాలి. థౌజండ్‌వాలా తీసుకోండి. వెయ్యికి లాగరిథమ్ 3. ఐదు మూళ్ళు 15. కాబట్టి అందులోని ఒక్కో టపాకాయ 110 డెసిబెళ్ళు దాటకూడదు. డెసిబెల్ మామూలు కూడిక కాదు, 10 తగ్గితే ధ్వని శక్తి పదో వంతు అవుతుంది. కనుక ఇది చిన్న తగ్గింపు అనుకోవద్దు. కానీ దుకాణంలో దండ కొనేవాడు ఈ కొలత ఎలా తీయగలడు? అమ్మేవాడు మాత్రం ఎలా తీయగలడు? ఈ హద్దు కర్మాగారం దగ్గరే పనిచేయాలి. పెట్టె బయటికి వచ్చాక దాన్ని అమలు చేయడమంటే కాల్చి చూడటమే.

2005 జూలై 18న సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం కేసులో రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా చప్పుడు చేసే బాణసంచా కాల్చవద్దంది. ఆ కేసు వెనక ఉన్న విషాదం న్యాయ విద్యార్థులు మరిచిపోరు. లౌడ్‌స్పీకర్ల హోరులో, సాయం కోసం ఒక బాలిక వేసిన కేకలు ఎవరికీ వినపడలేదు. అదే తీర్పులో అంతగా ప్రచారం కాని మంచి మాట ఒకటి ఉంది. బాణసంచాను మోతవి, వెలుగువి అని విడదీసి, ఏ రకంలో ఏ రసాయనం ఎంత ఉండాలో పేలుడు పదార్థాల శాఖ నిర్ణయించాలని కోర్టు చెప్పింది. చట్టం చూపు చెవి నుంచి లోపలి మందు వైపు తిరగడం అక్కడ మొదలైంది.

ఆ చూపు పూర్తిగా లోపలికి వెళ్ళింది ఢిల్లీ పొగ వల్ల. 2015లో ముగ్గురు పసిపిల్లల తరఫున వాళ్ళ తండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అర్జున్ గోపాల్ కేసుగా అది ప్రసిద్ధం. 2017 జూలైలో యాంటిమనీ, లిథియం, పాదరసం, ఆర్సెనిక్, సీసం ఏ రూపంలోనూ వాడవద్దని కోర్టు ఆదేశించింది. 2018 అక్టోబరు 23న జస్టిస్ ఎ.కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్ ధర్మాసనం పూర్తి నిషేధానికి ఒప్పుకోలేదు. బేరియం లవణాలు వాడొద్దంది. పొగ, మోత, చెత్త మూడూ ఎక్కువని దండ టపాకాయలను మొత్తంగా ఆపేసింది. ఆన్‌లైన్ అమ్మకం వద్దంది. దీపావళి రాత్రి 8 నుంచి 10 దాకా మాత్రమే కాల్చమంది. వారం తరవాత, అక్టోబరు 30న, దక్షిణాది ఆచారాలను దృష్టిలో పెట్టుకుని ఆ రెండు గంటలు ఎప్పుడన్నది తమిళనాడు వంటి రాష్ట్రాలు మార్చుకోవచ్చని చెప్పింది. నరకచతుర్దశి తెల్లవారుజామున తలంటి పోసుకుని టపాకాయలు కాల్చే ఇళ్ళకు ఈ సవరణ విలువ తెలుస్తుంది.

బేరియం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే జనానికి అన్నిటికన్నా తక్కువ తెలిసిన నిషేధం ఇదే. పచ్చ వెలుగు బేరియం ఇస్తుందని పిల్లలకు పుస్తకంలో ఉంటుంది. అంతటితో దాని పని అయిపోదు. బేరియం నైట్రేటు ఆక్సిజన్ కూడా ఇస్తుంది, తేమను పెద్దగా పీల్చదు, వానాకాలంలో చేసి శీతాకాలం దాకా దాచినా పాడవదు. అందుకే కాకరపువ్వొత్తుల్లో, చిచ్చుబుడ్లలో, భూచక్రాల్లో దశాబ్దాలుగా వాడారు. మనం మెత్తనివనుకుని పసిపిల్లల చేతికిచ్చే వెలుగు రకాలే ఇవన్నీ. బాంబు వద్దని కాకరపువ్వొత్తి చేతిలో పెట్టే తల్లికి, నీళ్ళలో కరిగే బేరియం లవణం విషమని ఎవరు చెప్పారు? లేబుల్ చెప్పలేదు. 2020లో సుప్రీంకోర్టు చెన్నైలోని సీబీఐ అధికారి చేత కొన్ని శివకాశి సంస్థల్లో విచారణ చేయించింది. నిషేధించిన బేరియం వాడుతున్నట్టూ, లేబుల్ మీద ఒకటి, లోపల మరొకటి ఉన్నట్టూ ఆ నివేదిక తేల్చింది.

కొందరు తయారీదారులు తప్పు చేశారని శివకాశి మొత్తాన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు. వానలు లేని ఆ నేల మీద 1920ల మొదట్లో వరుసకు సోదరులైన ఇద్దరు నాడార్లు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకువచ్చి, లక్షల మందికి కూడు పెట్టే పరిశ్రమకు పునాది వేశారు. అదే పరిశ్రమలో బాలకార్మికుల వెతల మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వవలసి వచ్చింది. రెండూ నిజాలే.

ఇప్పుడు మార్కెట్‌లో కనిపించే గ్రీన్ క్రాకర్స్ గురించి. నాగపూర్‌లోని నీరి సంస్థ నాయకత్వంలో సీఎస్ఐఆర్ శాస్త్రవేత్తలు తయారు చేసిన సూత్రాలవి. 2019 అక్టోబరులో విడుదల చేశారు. స్వాస్, స్టార్, సఫల్ అని మూడు రకాలు. మొదటిది కాలేటప్పుడు నీటి ఆవిరి వదిలి ధూళిని అణచాలని చూస్తుంది, మూడోదాంట్లో అల్యూమినియం తక్కువ. గ్రీన్ అంటే పొగ లేనిదని చాలామంది అనుకుంటున్నారు. దాని లక్ష్యం ధూళి కణాల్లో 30 శాతం తగ్గింపు. మిగతా 70 శాతం మన ఊపిరితిత్తులకే వెళుతుంది. తగ్గింపు మంచిదే, నేను కాదనను. కానీ డబ్బా మీద ఆకు బొమ్మ చూసి రెట్టింపు కొంటే ఆ లాభం ఆ రాత్రికే పోతుంది.

ఇక వేళ సంగతి. తేదీలు వరసగా చెబుతాను, ఓపికగా వినండి. 2017 దీపావళి అక్టోబరు 19న, ఢిల్లీలో అమ్మకాలు ఆపుతూ ఉత్తర్వు 9న. 2018 దీపావళి నవంబరు 7న, తీర్పు అక్టోబరు 23న, దానికి సవరణ 30న. 2020 దీపావళి నవంబరు 14న. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు 9న వచ్చింది. గాలి అధ్వానంగా ఉన్న ఊళ్ళలో పూర్తి నిషేధం, ఓ మాదిరిగా ఉన్నచోట గ్రీన్ క్రాకర్స్‌కు రెండు గంటలు. 12న తెలంగాణ హైకోర్టు రాష్ట్రంలో బాణసంచా నిషేధించమంది. వ్యాపారుల సంఘం సుప్రీంకోర్టుకు పరిగెత్తింది. 13న, అంటే పండగకు ముందు రోజున, ఆ ఉత్తర్వును హరిత ట్రిబ్యునల్ మాటకు అనుగుణంగా సవరించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడు రాత్రి 8 నుంచి 10 దాకా గ్రీన్ క్రాకర్స్‌కు అనుమతిచ్చింది. 2021లో దీపావళి నవంబరు 4న. కలకత్తా హైకోర్టు అక్టోబరు 29న అన్నీ నిషేధిస్తే నవంబరు 1న సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టింది. బేరియం, దండల నిషేధం ఢిల్లీకే కాదు, దేశమంతటికీ వర్తిస్తుందని స్పష్టం చేసింది 2023 నవంబరు 7న, పండగకు ఐదు రోజుల ముందు. 2025లో ఢిల్లీ ప్రాంతంలో గ్రీన్ క్రాకర్స్‌కు సడలింపు ఇచ్చింది అక్టోబరు 15న, పండగ 20న.

కోర్టుల మీద నాకు ఫిర్యాదు లేదు. గుమ్మంలోకి వచ్చిన కేసును కోర్టు వినాలి, పిటిషన్లు పండగ ముందే వస్తాయి. శాసనసభలూ ప్రభుత్వాలూ ఏడాది పొడుగునా చేయవలసిన పని చేయనప్పుడు ఆ బరువు కోర్టు మీద పడింది. కానీ ఫలితం చూడండి. నెలల ముందే అడ్వాన్సు ఇచ్చి, అప్పు చేసి సరకు తెచ్చుకున్న చిన్న వ్యాపారికి అది అమ్మదగినదో కాదో ధనత్రయోదశి దాకా తెలియదు. అప్పుడు అతను దాన్ని పారేయడు, చీకట్లో అమ్ముతాడు. కొనేవాడికి చట్టం అంటే గడియారంలో రెండు గంటలని మాత్రమే గుర్తుంటుంది. లోపలి మందు గురించిన మంచి నిబంధన ఏదీ అతని చెవిన పడదు. దండ టపాకాయలు ఆగి ఏళ్ళయింది. మన పెళ్ళి ఊరేగింపుల్లో, ఎన్నికల విజయయాత్రల్లో వాటి చప్పుడు ఆగిందా? 2021లో ఇచ్చిన మరో ఉత్తర్వులో సుప్రీంకోర్టే ఈ ఉల్లంఘనల గురించి బాధపడింది.

ఇప్పుడు మన జిల్లాల్లోకి వస్తాను. 2014 అక్టోబరు 20న, దీపావళికి మూడు రోజుల ముందు, కాకినాడ దగ్గర వాకతిప్పలో బాణసంచా కేంద్రం పేలింది. పదిహేనుమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో ఎనిమిదిమంది. అదే ఏడు అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరం మండలంలో మళ్ళీ పేలుడు, ఆరుగురికి పైగా పోయారు. ఏ టపాకాయ కాల్చవచ్చన్న మన చర్చల్లో వీళ్ళ ప్రస్తావన రాదు. వీళ్ళను కొనేవాళ్ళ లెక్కలో వేయం, పండగ లెక్కలోనూ వేయం.

నియమాల ప్రకారం ఒకేసారి 15 కిలోలకు మించని మందుతో తయారీకి లైసెన్సు జిల్లా అధికారి ఇస్తారు. అంతకు మించితే పెసోకు వెళ్ళాలి. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో తీర్థాలకూ, జాతరలకూ, పెళ్ళిళ్ళకూ తారాజువ్వలు, మందుగుండు సామగ్రి కట్టే చిన్న షెడ్డులు చాలా ఉన్నాయి. వాళ్ళు కట్టిన సరకు పెట్టెలో రాదు. దానికి లేబుల్ ఉండదు, క్యూఆర్ కోడ్ ఉండదు, నీరి ముద్ర ఉండదు. బేరియం వద్దన్న తీర్పు, క్లోరేటు వద్దన్న ప్రకటన, చప్పుడు హద్దు, ఇవన్నీ పెట్టె మీద అచ్చు వేసే కర్మాగారాన్ని ఊహించి రాసినవి. గోనెసంచిలో వెళ్ళే సరకు దాకా అవి చేరడం లేదు. సీజను తరుముకొస్తుంటే 15 కిలోల హద్దు, మనుషుల మధ్య ఉండవలసిన ఎడం, రెండూ పోతాయి. మాస్టారు చెప్పిన ఇంకో ముక్క ఇక్కడ గుర్తు చేయాలి. అల్యూమినియం పొడి, నైట్రేటు కలిసిన తడి మందు దానంతటదే వేడెక్కుతుంది, అమ్మోనియా వాసన వస్తుంది. కొంచెం బోరిక్ ఆమ్లం కలిపితే ఆ చర్య ఆగుతుంది. కలిపిన మందును రాత్రి నిలవ ఉంచకూడదు. మన సముద్రతీరపు తేమగాలిలో ఈ రెండు మాటలు ప్రాణం కాపాడతాయి. వీటిని షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళకు తెలుగులో చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

శిక్షల సంగతి కూడా చెప్పాలి. లైసెన్సు లేకుండా తయారు చేస్తే 1884 చట్టం 9బి సెక్షను కింద మూడేళ్ళ వరకూ జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్క పెద్ద ఆర్డరు లాభంలో ఆ జరిమానా ఎంత?

ఏం చేయవచ్చు? కేంద్రం రాసిన జాబితాను రాష్ట్రం మార్చలేదు. కానీ దాన్ని జనానికి తెలిసే భాషలో, పనికొచ్చే వేళకు చెప్పగలదు. ఆషాఢంలోనే, సరకు ఆర్డర్లు వెళ్ళకముందే, ఈ ఏడు ఏవి అమ్మవచ్చు, ఏవి కూడదు, ఏ గంటల్లో కాల్చవచ్చు అని తెలుగులో ఒక్క కాగితం వేసి ప్రతి గ్రామ సచివాలయంలో, ప్రతి పంచాయతీ కార్యాలయంలో అంటించగలదు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ మాత్రం చేయవచ్చు, దీనికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు. 15 కిలోల లైసెన్సు షెడ్డుల తనిఖీ దీపావళి వారంలో కాక శ్రావణంలో, మళ్ళీ తీర్థాల కాలానికి ముందు మాఘంలో జరగాలి. జాతర కమిటీలు మందుగుండు ఎవరి దగ్గర కొన్నాయో, ఆ లైసెన్సు నంబరు ఏమిటో అనుమతి దరఖాస్తులో రాయించుకోవాలి. గోనెసంచి సరకును పట్టుకునే దారి ఇదొక్కటే నాకు కనిపిస్తోంది.

మరో సూచన ఈ కళాశాల గురించి. బేరియాన్ని పట్టుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మన డిగ్రీ విద్యార్థులు సాల్ట్ ఎనాలిసిస్‌లో ఐదో గ్రూపు చేస్తారు కదా. మందును నీళ్ళలో కరిగించి వడగట్టి, పొటాషియం క్రోమేటు వేస్తే పసుపు అవక్షేపం, జ్వాలలో ఆకుపచ్చ. అధికారులు పట్టుకున్న నమూనాలను అధ్యాపకుల పర్యవేక్షణలో ప్రాథమికంగా పరీక్షించి, అనుమానం ఉన్నవాటిని మాత్రమే పెద్ద ప్రయోగశాలకు పంపితే నెలల ఆలస్యం తగ్గుతుంది. పిల్లలూ, మీరు ఇంట్లో టపాకాయ విప్పి ఈ పరీక్ష చేయకండి. అది నేరం కూడా, ప్రమాదం కూడా. కళాశాల ద్వారా, లిఖితపూర్వక అనుమతితో జరగాలి.

ఈ మాటలన్నీ చేర్చి జిల్లా కలెక్టరుగారికి ఒక వినతిపత్రం రాసి తెచ్చాను. ఆషాఢానికల్లా తెలుగులో జాబితా, శ్రావణంలో షెడ్డుల తనిఖీ, కళాశాలల్లో నమూనా పరీక్ష, షెడ్డు కార్మికులకు ఒక్క రోజు శిక్షణ, ఈ నాలుగే అడిగాను. సభ అయ్యాక అది అధ్యక్షుల బల్ల మీద ఉంటుంది. చదవండి. సబబు అనిపిస్తే సంతకం చేసి వెళ్ళండి.